తోక గౌను

ఆ రోజు పొద్దున ఆ ఇంట్లో పుల్లమ్మ ఉంది, వసారాలో నులక మంచం మీద కాళ్లు చాపుకుని. ఆమె కొడుకు యల్లమంద ఉన్నాడు, మిరప కల్లంలో తాలుకాయలు ఏరడానికి కూలీలు రాలేదని ఫోనులో ఎవరినో తిడుతూ. యల్లమంద భార్య ఝాన్సీలక్ష్మి ఉంది, కుట్టు మిషను ముందు, పెదాల మధ్య గుండుసూదులు బిగబట్టి. యల్లమంద చెల్లెలు జ్యోతిర్మయి ఉంది, నడింట్లో ప్లైవుడ్ చెక్క మీద మేకులు కొట్టిన బూట్లతో దడదడలాడిస్తూ. యల్లమంద కూతురు లహరి కూడా ఉంది. ఆ ఇంట్లో ఎవరూ ఆమెను లెక్కలోకి తీసుకోరు గనక చివర చెప్పినా తప్పులేదు.

గురజాల పక్కన ఉన్న ఆ ఊళ్లో అవి అందరూ తుమ్ముతూ ఉండే రోజులు. రోడ్డు పక్కన, కల్లాల్లో, డాబాల మీద, ఎక్కడ చూసినా ఎండు మిరపకాయలే. డాబా నిండిపోవడం వల్లే జ్యోతిర్మయి డాన్సు నడింట్లోకి దిగింది.

"ఏమే జ్యోతీ, నేలేం పాపం చేసిందే, అట్టా తంతన్నావు?" అని పుల్లమ్మ వసారాలోంచి అరిచింది.

"తన్నడం కాదమ్మా. తాళం."

"తాళమంటే చేత్తో వేస్తారు. కాళ్లతో వేసేది గాడిద. అదీ ఇంట్లో బూట్లేసుకుని!"

యల్లమంద ఫోను చెవి దగ్గర్నుంచి తీశాడు. "కొత్త టైల్సు అమ్మాయ్. ఒక్కటి పగిలిందంటే ఆ చెక్కా నిన్నూ కలిపి కల్లంలో పడేస్తా."

"కల్లంలో పడేస్తే ఇంకా మంచిది. అక్కడ జనం లేరు, కాయలే ఉన్నాయి. నవ్వవు" అంది జ్యోతిర్మయి, కాళ్లు ఆపకుండానే.

బెంగళూరులో ఆమె ఒక కంపెనీలో లెక్కలు రాసేది. హాస్టలు ఉన్న వీధిలోనే ఇనెస్ అనే స్పెయిన్ ఆవిడ ఫ్లమెంకో అనే తమ దేశపు డాన్సు నేర్పేది. ఒక సాయంత్రం మేడ మీంచి గిటారు వినపడితే ఏమిటో చూద్దామని ఎక్కిన జ్యోతిర్మయి, తర్వాత ఏళ్ల తరబడి ఆ మెట్లు ఎక్కుతూనే ఉంది. సంబంధాలు వచ్చాయి, పోయాయి. కంపెనీ మూతపడ్డాక, కిందటి వానాకాలంలో ఒక సూట్‌కేసు, ఒక జత బూట్లు పట్టుకుని అన్న ఇంటికి వచ్చింది. ముప్పై దాటిన ఆడమనిషి ఒంటరిగా బూట్లు పట్టుకుని దిగితే ఊరు ఊరికే ఉంటుందా?

ఇప్పుడు ఇనెస్ హైదరాబాదులో పెద్ద డాన్సు స్కూలు పెడుతోంది. తన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒకరిని టీచరుగా తీసుకుంటానని కబురు చేసింది. పరీక్ష ఆ రోజుకు మర్నాడే. ఆ మధ్యాహ్నం బస్సెక్కితే రాత్రికి జ్యోతిర్మయి హైదరాబాదులో ఉంటుంది. యల్లమంద ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు. పని దొరికిందా, సరే. దొరక్కపోతే వచ్చి, సత్తెనపల్లిలో పురుగుమందుల కొట్టున్న గోపీచంద్‌ను చేసుకోవాలి. గోపీచంద్ భార్య పోయింది. మనిషి మంచివాడని అందరూ అంటారు. అందరూ మంచివాడు అనే మనిషితో వచ్చిన చిక్కేమిటంటే, వద్దు అనడానికి కారణం దొరకదు.

పరీక్షలో అలెగ్రియాస్ అనే నాట్యం చెయ్యాలి. దానికి వెనక పొడవుగా నేల మీద పరుచుకునే గౌను కావాలి. మొదటిసారి ఫోనులో ఆ గౌను ఫొటో చూపించినప్పుడు పుల్లమ్మ కళ్లజోడు సర్దుకుని అడిగింది.

"దీని పేరేందే?"

"బాటా దె కోలా."

"బాటా అంటే చెప్పులు. కోలా అంటే సీసా. రెండూ కలిపి ఒంటి మీద వేసుకుంటారా?"

"స్పెయిన్ భాషలో బాటా అంటే గౌను. కోలా అంటే తోక. ఇదిగో, వెనక ఈడ్చుకుంటూ వస్తుందే, ఇది తోక."

"తోకా!" పుల్లమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "తోక జాడించడం నేర్చుకోడానికి బెంగుళూరు దాకా పోయావా? మీ నాయన బతికుంటే ఇంట్లోనే నేర్పేవాడు కదే, కర్ర పుచ్చుకుని!"

జ్యోతిర్మయి నవ్వలేదు. "అవును, జాడించడమే. మడమతో వెనక్కి తన్ని తోకను లేపాలి. గాల్లో తిప్పాలి. మళ్లీ నేల మీద విసనకర్ర విప్పినట్టు పరవాలి. చెయ్యి తగలకూడదు. తోక చెప్పిన మాట వింటేనే ఆ డాన్సు వచ్చినట్టు."

ఆ మాట ఇంట్లో ఆగితే బాగుండేది. పుల్లమ్మ పాలు పోసే ఆమెకు చెప్పింది. పాలు పోసే ఆమె ఇంటింటికీ పాలతో పాటు పోసింది. ఆ తర్వాత ఒక రోజు జ్యోతిర్మయి డాబా మీద పాత దుప్పటి నడుముకు కట్టుకుని తోక తిప్పడం సాధన చేస్తుంటే ఎదురు డాబా మీంచి ఎవరో వీడియో తీశారు. 'తోక జాడించే ఆంటీ' అని పేరు పెట్టి ఫోను స్టేటస్‌లో పెట్టారు. మర్నాటికల్లా గురజాలలో లహరి చదివే జూనియర్ కాలేజీకి చేరింది.

లహరి క్లాసులో ఎవరితోనూ మాట్లాడదు. హాజరు పిలిచినప్పుడు కూడా ఆమె గొంతు లెక్చరరు దాకా పోదు. అలాంటి పిల్లను ఆ రోజు అందరూ వెనక్కి తిరిగి చూశారు. "ఏమే, మీ అత్తకి తోకుందంట కదా, నీకెప్పుడు మొలుస్తది?" అని వెనక బెంచీలోంచి ఒకడు అడిగాడు. పక్కన కూర్చునే అబిదా కూడా నవ్వింది. ఆపుకోవాలని చూసి, ఆగక నవ్వింది. లహరికి ఆ ఆపుకోలేని నవ్వే ఎక్కువ గుచ్చుకుంది.

అయినా సాయంత్రం ఇంటికొచ్చి లహరి అత్తకు చప్పట్లు కొట్టేది. ఫ్లమెంకోలో నాట్యం చేసే మనిషి ఒక్కతే ఉంటే చాలదు. గిటారు ఉండాలి, పాడేవాళ్లు ఉండాలి, పక్కన నిలబడి తాళం తప్పకుండా చప్పట్లు కొట్టేవాళ్లు ఉండాలి. గిటారూ పాటా ఫోనులో ఉన్నాయి. చప్పట్లకు మనిషి కావాలి. వచ్చిన కొత్తలోనే జ్యోతిర్మయి లహరి చేతులు పట్టుకుని, అరచేతిలో వేళ్లు ఎలా పడితే గట్టి చప్పుడు వస్తుందో, గుల్లగా పట్టుకుంటే మెత్తటి చప్పుడు ఎలా వస్తుందో చూపించింది. లహరికి అది వెంటనే పట్టుబడింది.

"ఈ ఇంట్లో చెవులున్నది దీనికొక్కదానికే" అంది ఆ రోజు జ్యోతిర్మయి. ఆ వెంటనే, "నోరే లేదు. నడుస్తుంటే కాళ్లున్నట్టు నేలకు కూడా తెలీదు" అని కలిపింది. మెచ్చుకున్న మాట ఒంటరిగా ఉంటే ఎక్కడ పాడైపోతుందోనని ఆ ఇంట్లో అందరూ దాని పక్కన ఒక తిట్టును కాపలా పెడతారు.

లహరి ఆమెను అడిగి చాలా విషయాలు తెలుసుకుంది. స్పెయిన్‌లో ఉన్నది ఒక్క నాట్యం కాదు. హోతా అని ఒకటుంది, చేతుల్లో చిడతల్లాంటి చెక్కలు మోగిస్తూ ఊరంతా కలిసి ఎగురుతారు. సెవియానాస్ అని ఒకటుంది, జాతరల్లో జంటలు జంటలుగా చేస్తారు. ఫ్లమెంకోలోనే సోలెయా ఒంటరితనం. అలెగ్రియాస్ సంతోషం, సముద్రం ఒడ్డున ఉన్న ఊరిది.

"సంతోషమా?" అంది ఝాన్సీలక్ష్మి ఆ మాట విని. "మరి నీ మొహం అట్టా పెడతావేంది, కారం మిల్లులో కూచున్నట్టు?"

"సంతోషమంటే పళ్లికిలించడం కాదు వదినా."

"మాకు అదొక్కటే వచ్చులే."

కానీ గౌను కుట్టింది ఆ ఝాన్సీలక్ష్మే. "తోకకి కొలతలేంది నా ఖర్మ" అని గొణుగుతూనే నేల మీద వంకాయ రంగు గుడ్డ పరిచి సుద్ద ముక్కతో గీతలు గీసింది. తోకకు పైన కనపడే కుచ్చులే కాక అడుగున కూడా వరసలు వరసలుగా కుచ్చులుండాలని జ్యోతిర్మయి చెప్పినప్పుడు మాత్రం మిషను ఆపింది.

"అడుగున ఎవడు చూస్తాడు?"

"ఎవరూ చూడరు. అవి లేకపోతే తోక లేవదు. బరువు వాటిదే."

ఝాన్సీలక్ష్మి గుడ్డ అంచు తిప్పి చూసి, "చీరకి ఫాల్ లాంటిదా? అట్టా చెప్పు మరి" అని మళ్లీ మిషను తొక్కింది. ఆ రోజు నుంచి ఆమె తిట్లు తగ్గలేదు గానీ, మధ్యాహ్నం పడుకోవడం మానేసింది.

ఆ పొద్దున గౌను పూర్తయింది. ఝాన్సీలక్ష్మి ఆఖరి దారం కొరికి, "రా, వేసుకో. మళ్లీ ఆడ బిగుతైంది, ఈడ వదులైందంటే నేను హైదరాబాదు రాలేను" అంది. జ్యోతిర్మయి వేసుకుని వచ్చింది. నడుము దాకా బిగుతుగా, మోకాళ్ల దగ్గర విచ్చుకుని, వెనక నేలంతా పరుచుకుని ఉంది. గది సగం తోకే ఆక్రమించింది.

"వంకాయలు చూశాను గానీ తోకున్న వంకాయ ఇదే" అని పుల్లమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. వెళ్లిపోలేదు మాత్రం.

అప్పుడే బయట బండి ఆగింది. బత్తాయిల సంచి పట్టుకుని గోపీచంద్ వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. యల్లమంద కంగారుగా ఫోను జేబులో పెట్టుకుని, "అమ్మాయ్, నువ్వు లోపలికి పో" అన్నాడు. ఆ తోకతో ఎంత తొందరగా పోగలదు? పోనూ పోలేదు.

"ఫర్వాలేదు బావా" అన్నాడు గోపీచంద్. సంబంధం కుదరకముందే బావా అనేశాడు. "నేను వీడియో చూశాలే. మా కొట్టు దగ్గర కుర్రాళ్లు చూపించారు. నేనేం తప్పుగా అనుకోలా."

ఆ మాటతో యల్లమంద మెడ దాకా ఎర్రబడ్డాడు. సత్తెనపల్లి దాకా పోయిందన్నమాట.

"ఎట్టాగూ వచ్చాగా, ఒకసారి ఎదురుగా చూస్తే సరదాగా ఉంటది" అని గోపీచంద్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

జ్యోతిర్మయి అతన్ని పైనుంచి కిందికి చూసింది. "సరదాకా? సరే, చూడండి. లహరీ, చప్పట్లు."

లహరి గోడకు అతుక్కుని ఉంది. కొత్త మనిషి ముందు చేతులు లేవలేదు. ఫోనులో గిటారు మొదలైంది. లహరి ఎలాగో కొట్టింది గానీ ఆ చప్పుడు ఆమెకే వినపడలేదు.

"ఏందే అది, దోమల్ని చంపుతున్నావా?" అంది జ్యోతిర్మయి.

గోపీచంద్ గట్టిగా నవ్వాడు. తన కూతుర్ని చూసి కొత్త మనిషి నవ్వితే యల్లమందకు కోపం రావాలి. ఆయనా నవ్వాడు. లహరి చేతులు కిందికి దించేసింది. జ్యోతిర్మయి ఇంక ఆమె వైపు చూడకుండా, వేళ్లతోనే చిటికెలు వేసుకుంటూ మొదలుపెట్టింది.

మొదట కాళ్లు కదల్లేదు. చేతులు మాత్రం నడుము దగ్గర్నుంచి లేచి తల మీదికి వెళ్లాయి, మణికట్లు తిరుగుతూ. పాడే గొంతు ఆగిపోయి గిటారు ఒక్కటే నెమ్మదిగా మోగే చోట ఆమె కళ్లు మూసుకుంది. ఆ తర్వాత మడమ వెనక్కి తన్నింది. తోక లేచింది. అడుగున ఎవరూ చూడరనుకున్న కుచ్చులన్నీ ఒక్కసారి తెల్లగా విచ్చుకుని, గాల్లో చుట్టు తిరిగి, చప్పుడు లేకుండా ఆమె చుట్టూ పరుచుకున్నాయి. ఆ గాలికి మిషను కింద దారం ముక్కలు లేచి గోడ దాకా వెళ్లాయి. ఝాన్సీలక్ష్మి పెదాల మధ్య నుంచి గుండుసూదులు తీసి చేతిలో పట్టుకుంది. పుల్లమ్మ కళ్లజోడు సర్దుకుంది.

పాట అయిపోయింది. గోపీచంద్ కాస్త ఆలస్యంగా చప్పట్లు కొట్టాడు.

"బాగుంది. కష్టం కూడా. ఒక్క మాట చెప్తా, ఏమనుకోరుగా? పెళ్లయ్యాక డాన్సు మానెయ్యమని నేననను. నేను అట్టాంటి మనిషిని కాదు. మా చుట్టాల ఫంక్షన్లలో కూడా చెయ్యొచ్చు. కాకపోతే ఆ తోక తీసెయ్యండి. జనం నవ్వేది దాన్ని చూసే."

"తోక తీసేస్తే ఇది అలెగ్రియాస్ కాదు."

"ఏదో ఒకటి అవుద్దిలెండి. పేరు ఎవరికి తెలుసు?"

"మందు సీసాలో నీళ్లు పోసి, పేరెవరికి తెలుసని అమ్ముతారా మీ కొట్లో?"

గోపీచంద్ మొహం మాడింది. "నా కొట్టు మాట ఎందుకులెండి ఇప్పుడు" అని బత్తాయిల సంచి వైపు చూశాడు, వెనక్కి తీసుకుపోవచ్చా లేదా అన్నట్టు.

యల్లమంద ఒక్క ఉదుటున లేచాడు. "ఏందా నోరు? ఇంటికొచ్చిన మనిషితో మాట్లాడేది అట్టాగేనా? నీ వల్ల నేను మిరప యార్డులో తలెత్తుకోలేకపోతన్నా. నా కూతురు కాలేజీకి ఏడుస్తా పోతంది. అసలు నీ తోక ఎప్పుడో కత్తిరించాల్సింది, అమ్మా నాన్నా గారాబం చేసి వదిలేశారు!"

జ్యోతిర్మయి మిషను బల్ల దగ్గరికి నడిచింది. పెద్ద కత్తెర తీసింది. ఝాన్సీలక్ష్మి ఆ కత్తెరతో కాగితం కూడా కొయ్యనివ్వదు, పదును పోతుందని.

"ఇదిగో, కత్తిరించు" అంది అన్నకు అందిస్తూ.

యల్లమంద వెనక్కి జరిగాడు. "ఆడోళ్ల గుడ్డలు నేను కత్తిరించేదేంది?"

"నువ్వమ్మా?"

"నాకు కళ్లానవు" అంది పుల్లమ్మ వెంటనే. అదే నోటితో పొద్దున వీధి చివర ఎవరింటికి చుట్టాలొచ్చారో చెప్పింది.

"వదినా?"

"నేను కుట్టినదాన్ని నేనే కత్తిరించడానికి నాకేమన్నా పిచ్చా?"

జ్యోతిర్మయి అందరినీ చూసింది. ఆమె పెదవి ఒక పక్కకు వంగింది. "నోళ్లే గానీ చేతుల్లేవు మీకెవరికీ. సరే, లహరికిస్తా. ఈ ఇంట్లో నా డాన్సు రోజూ చూసింది అదొక్కతే. అది కత్తిరిస్తే నేను హైదరాబాదు పోను. ఈయన్ని చేసుకుంటా."

"మాటంటే మాటేనా?" అన్నాడు యల్లమంద.

"మాటే." ఆమె కత్తెర లహరి చేతిలో పెట్టింది. "కానీ అది కత్తిరించదు అన్నయ్యా. దానికి పుల్ల విరిచే ధైర్యం కూడా లేదు."

అందరూ లహరి వైపు చూశారు. తరగతిలో చూసినట్టే, మెడలు తిప్పి. గోపీచంద్ పెదాల మీద ఇందాకటి నవ్వు ఇంకా కొంచెం మిగిలి ఉంది. తోక ఎప్పుడు మొలుస్తది అన్న గొంతు, అబిదా ఆపుకోలేని నవ్వు, దోమల్ని చంపుతున్నావా అన్న మాట, అన్నీ ఒకే మనిషి ఒకేసారి అంటున్నట్టు లహరికి వినపడ్డాయి. ఈమె కోసం తను అన్ని నవ్వులు పడింది. ఈమె కూడా తనను నవ్వులపాలు చేసింది. ఇంట్లో తన కన్నా తక్కువ మనిషి లేదని తెలిసే ఈమె తన మీద పందెం కాసింది.

లహరి వంగింది. తోక ఒక చేత్తో పట్టుకుని కత్తెర పెట్టింది. పై గుడ్డ సులువుగా తెగింది. అడుగున కుచ్చుల దగ్గర కత్తెర ఆగింది. ఆమె రెండు చేతులతో నొక్కింది. ఎవరైనా ఆపుతారని ఆమె అనుకోలేదు, ఎవరూ ఆపలేదు కూడా. కర్‌మని తెగుతున్న చప్పుడు ఒక్కటే నడింట్లో వినపడింది. ఆఖరి కుచ్చు తెగాక తోక ఆమె కాళ్ల దగ్గర కుప్పలా పడింది.

తల ఎత్తి చూసింది లహరి. అత్త తిడుతుందనుకుంది. కనీసం ఏడుస్తుందనుకుంది. జ్యోతిర్మయి తెగిన అంచును వేళ్లతో తడిమి చూసి, "తిన్నగా కత్తిరించావు" అంది. గొంతులో ఏమీ లేదు. కింద కూర్చుని బూట్ల బకిల్సు విప్పింది. "మాటిచ్చాగా అన్నయ్యా. ముహూర్తం పెట్టించుకో" అని, కురచగా వేలాడుతున్న గౌనుతోనే వెనక గదిలోకి వెళ్లిపోయింది. ఆమె నడక చప్పుడు కాకపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

గెలిచిన యల్లమంద ఏం చెయ్యాలో తెలియక తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "సరే... పోన్లే. ఏదో ఒకటి తేలిందిగా."

"ఏం తేలింది?" అంది ఝాన్సీలక్ష్మి. ఆమె అప్పటికే నేల మీద కూర్చుని తోకను ఒళ్లోకి లాక్కుంది. "పిల్ల కత్తెర పడితే నీ చెల్లెలి పెళ్లి ఖాయమా? సిగ్గులేదూ?"

"అదే మాటిచ్చింది. నేనడిగానా?"

"అది తెగిన తోకకిచ్చిన మాట. నేను అతికిస్తా. అతికిన తోకకి ఎవరూ మాటియ్యలా."

"నువ్వేగా రోజూ దాన్ని ఎగతాళి చేసింది!"

"చేశా. రేపూ చేస్తా. కారం మిల్లు మొహంతో ఆ గంతులు నాకేం నచ్చలా. కానీ ఇన్నేళ్ల నుంచి జాకెట్లు కుడతన్నానయ్యా. పెళ్లిళ్లకి, పేరంటాలకి. నేను కుట్టిందేదీ లేచి గాల్లో తిరగలేదు. ఇందాక తిరిగింది. నీ రెండు కళ్లూ ఎటు పెట్టుకుని చూశావు?" అని గోపీచంద్ వైపు తిరిగింది. "మీరు ఇంక లేవండి. ఆ కుర్చీ కావాలి, గుడ్డ పరచడానికి."

గోపీచంద్ లేచాడు. "నేను మంచికే చెప్పానమ్మా."

"మంచికే చెప్తారు అందరూ. చెడ్డకి చెప్పేవాళ్లైతే రెండు తిట్టి పంపేదాన్ని."

అతను వాకిలి దాటుతుంటే పుల్లమ్మ వెనక నుంచి పిలిచింది. "నాయనా, బత్తాయిలు మర్చిపోయావు. తీసుకుపో. మా ఇంట్లో పులుపు జాస్తిగానే ఉంది." యల్లమంద తల్లిని కోపంగా చూశాడు. ఆమెకు నిజంగానే కళ్లానలేదేమో, పట్టించుకోలేదు.

ఝాన్సీలక్ష్మి తోకను భుజాన వేసుకుని, సూదుల డబ్బా పట్టుకుని వెనక గదిలోకి వెళ్లింది. లహరిని దాటి వెళ్లేటప్పుడు ఆమె చేతిలోంచి కత్తెర లాక్కుంది. యల్లమంద కాసేపు అటూ ఇటూ తిరిగి, బండి తాళాలు వెతుక్కుంటూ, "బస్టాండు దాకా నేనే దింపుతా అని చెప్పు మీ అమ్మకి" అని లహరితో అన్నాడు. చెప్పే దమ్ము తనకు లేక.

లహరి వెనక గది గుమ్మం పక్కకు వచ్చి ఆగింది. లోపల మంచం మీద గౌను తిరగేసి పరిచారు. వాళ్లిద్దరూ చెరో వైపు కూర్చుని తెగిన అంచులు కలిపి గుండుసూదులు పెడుతున్నారు.

"అతుకు తెలుస్తదా వదినా?"

"తెలిస్తే తెలవనీ. మీద నల్ల కుచ్చు ఒకటి వేస్తా. ఆ ఇనెస్సో గినెస్సో అడిగితే మా పల్నాడు ఫ్యాషన్ అని చెప్పు. నీకసలే పొగరుగా చెప్పడం బాగా వచ్చు."

జ్యోతిర్మయి నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపుగా మారింది. ఝాన్సీలక్ష్మి ఆమె వీపు మీద చెయ్యి వేసి, "గుడ్డ మీద కన్నీళ్లు పడనీకు, మరకవుద్ది" అంది, కసురుకుంటున్నట్టే.

కాసేపటికి జ్యోతిర్మయి అడిగింది. "అది ఎందుకు కత్తిరించింది వదినా?"

"నువ్వు నలుగురిలో దాన్ని పిరికిదన్నావు. ఆ గోపీచందు ముందు."

"పిరికిదని కాదు వదినా." ముక్కు ఎగబీల్చుకుంది. "వాళ్లందరిలో నా చెయ్యి వదలనిది అదొక్కతే అని నాకు నమ్మకం. అందుకే కత్తెర దానికిచ్చా. ఆ మాట పైకి అనడానికి నోరు రాలా. మన ఇంట్లో ఎప్పుడన్నా అన్నామా అట్టాంటి మాటలు? నోటికి వచ్చింది అదొక్కటే, తిట్టు."

లహరికి గుమ్మం మసకబారింది. అత్త పందెం కాసింది తన పిరికితనం మీద కాదు. తన మీద. ఈ ఇంట్లో పుట్టి, ఈ ఇంట్లో పెరిగి, ఇక్కడ తిట్టు కింద ఏముంటుందో తెలిసి కూడా తను పైమాటే విన్నది. కాలేజీలో నవ్వినవాళ్లకు ఆ సంగతి తెలియదు. తనకు తెలుసు. ఏడుపును చప్పుడు కాకుండా మింగింది. జీవితమంతా చప్పుడు కాకుండానే ఉంది. చప్పుడు చేసింది ఒక్కసారి, ఇందాక, కత్తెరతో.

ఆమె గుమ్మం ముందుకు వచ్చింది. లోపల ఝాన్సీలక్ష్మి సూదిని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కళ్లు చిట్లించి దారం ఎక్కించడానికి తంటాలు పడుతోంది.

"అత్తా" అంది లహరి. ఈసారి గొంతు బయటికి వచ్చింది. "దారం నేను ఎక్కిస్తా అత్తా. గుడ్డ కూడా పట్టుకుంటా."

ఇద్దరూ తల ఎత్తారు. తల్లి చూపు సూది మీదికి తిప్పుకుంది. జ్యోతిర్మయి చాలాసేపు లహరిని చూసింది. ఆ కళ్లలో కోపం వెతికింది లహరి, దొరకలేదు. ఆమె మంచం దిగి వచ్చింది. దగ్గరికి వస్తుంటే, చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతుందనుకుంది లహరి. చెయ్యి కూడా కొంచెం ముందుకు చాపింది.

ఒక్క తిట్టు తిట్టి, తలుపు గట్టిగా వేసినా బాగుండేది. జ్యోతిర్మయి మెల్లగా, ఆ చేతికి తగలకుండా చూసి మరీ, తలుపు వేసింది.